కిడ్నీ మార్పిడిలో నరాల బ్లాక్: తమ్ముడి గురించి అడిగారు, అమ్మ గురించి కూడా అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కావలి నుంచి తమ్ముణ్ణి చెన్నై తెచ్చారు. వచ్చే వారం కిడ్నీ మార్పిడి. ఇస్తున్నది మీ అమ్మగారు. మత్తు డాక్టరు వచ్చి, ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గడానికి పొట్ట దగ్గర నరాలకు బ్లాక్ వేస్తామని చెప్పి సంతకం తీసుకున్నారు. నరాలు దెబ్బతింటాయేమో, ఆ మందు కొత్త కిడ్నీని పాడుచేస్తుందేమో, నొప్పే తెలియకపోతే లోపల ఏదైనా తేడా వచ్చినా ఎలా తెలుస్తుందో అని మీకు మూడు భయాలు.

నేను 22 ఏళ్లుగా చెన్నైలో మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను, అందులో సగానికి పైగా కిడ్నీ మార్పిడి థియేటర్లలోనే. మాది గూడూరు పక్కన పల్లె. అందుకని నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లను భాష కోసమైనా నా దగ్గరికే పంపుతుంటారు. మీ మూడు భయాలకూ జవాబు చెబుతాను. అయితే మీరు రాసిందంతా చదివితే అమ్మగారి నొప్పి గురించి ఒక్క మాట కూడా కనిపించలేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. జబ్బు మనిషి మీదే అందరి కళ్లూ ఉంటాయి. నేను చూసినంతలో ఎక్కువ నొప్పి పడేది మాత్రం కిడ్నీ ఇచ్చినవాళ్లే.

ముందు బ్లాక్ అంటే ఏమిటో చూద్దాం. మీ తమ్ముడికి డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా (చేతి రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషన్) పెట్టినప్పుడు, మెడ పక్కనో చంకలోనో ఇంజెక్షన్ ఇచ్చి చెయ్యంతా మొద్దుబారేలా చేశారేమో అడగండి. చేసి ఉంటే ఆయనకు బ్లాక్ కొత్త కాదు. ఇప్పుడు పొట్టకు చేసేదీ అదే పని.

పొట్ట పక్క భాగంలో చర్మం, కొవ్వు దాటాక మూడు పలుచటి కండరాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు ఉంటాయి. వెన్ను దగ్గర బయల్దేరిన నరాలు నడుము చుట్టూ తిరిగి, రెండో పొరకూ మూడో పొరకూ మధ్య నుంచి ముందుకు వస్తాయి. కోత పెట్టే చోట నొప్పిని మోసుకెళ్లేవి ఈ నరాలే. పూతరేకులో రెండు రేకుల మధ్యకి నెయ్యి జారినట్టు, ఆ రెండు పొరల సందులోకి మొద్దుబార్చే మందు పంపడమే ట్యాప్ బ్లాక్. అల్ట్రాసౌండ్ తెరమీద సూది మొన ఎక్కడుందో చూస్తూ వేస్తాం. మందు సరైన సందులో పడితే పొరలు విడిపోయి మధ్యలో నల్లటి కన్ను తెరుచుకున్నట్టు కనిపిస్తుంది. కండరంలో పడితే అలా విడిపోదు, కండరమే ఉబ్బుతుంది. అప్పుడు సూది సర్దుకుంటాం. 2001లో ఈ బ్లాక్ గురించి మొదట రాసినప్పుడు అల్ట్రాసౌండ్ లేకుండా, నడుము పక్కన ఉండే ఒక చిన్న త్రికోణాన్ని వేలితో వెతికి, సూది పొర దాటినప్పుడు చేతికి తెలిసే ఆనవాలును బట్టి వేసేవారు. ఇప్పుడు అలా గుడ్డిగా వేయాల్సిన అవసరం లేదు.

కొత్త కిడ్నీని పాత కిడ్నీల చోట పెట్టరు. పొట్ట కింద భాగంలో, ఎక్కువగా కుడివైపు, తుంటి ఎముక లోపలి గుంటలో పెడతారు. కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలకు దాని నాళాలు కలుపుతారు, మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుడతారు. కాబట్టి కోత ఒక పక్కనే, వంపుగా, బొడ్డు కింద ఉంటుంది. పదకొండు, పన్నెండో వీపు నరాలు, మొదటి నడుము నరం ఆ జాగాను చూసుకుంటాయి. ఒకవైపు ఒక్క బ్లాక్ చాలు. పూర్తి మత్తు ఇచ్చిన తర్వాతే వేస్తాం కాబట్టి తమ్ముడికి సూది గుచ్చినట్టు కూడా తెలియదు. 10 నిమిషాల పని.

బ్లాక్ మొద్దుబార్చేది పొట్ట గోడను మాత్రమే, ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. మూత్రాశయం దగ్గర కుట్లు, మూత్రనాళంలో పెట్టే స్టెంటు అనే సన్నటి గొట్టం, యూరిన్ ట్యూబు వల్ల వచ్చే నొప్పి వేరే దారిలో పైకి వెళుతుంది. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉండి మూత్రం రానివాళ్లకు మూత్రాశయం కుంచించుకుపోయి ఉంటుంది. కొత్త కిడ్నీ పనిలో దిగి లీటర్లకు లీటర్లు మూత్రం వస్తుంటే అది ఉలిక్కిపడి బిగుసుకుంటుంది. అప్పుడు పొత్తికడుపులో పట్టేసినట్టు, మూత్రం ఆగట్లేదన్నట్టు బాధ వస్తుంది. బ్లాక్ ఫెయిలయిందని మీరు అనుకోవద్దు. ఆ బాధకు మందులు వేరే ఉన్నాయి. "కోసిన చోట నొప్పి లేదు, లోపల పట్టేస్తోంది" అని తేడా చెప్పగలిగితే డ్యూటీ డాక్టరు సరైన మందు ఇస్తారు.

గోడ నొప్పి ఒక్కటే తగ్గేదానికి ఇంత శ్రమ ఎందుకని అడగొచ్చు. మిగతా నొప్పి మందుల సంగతి తెలిస్తే మీకే అర్థమవుతుంది. మామూలు ఆపరేషన్ తర్వాత నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చేస్తారు. కిడ్నీ మార్పిడిలో అది ముట్టుకోకూడదు. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాలను తెరిచి ఉంచడానికి శరీరం కొన్ని పదార్థాలు తయారుచేస్తుంది, ఈ మందులు వాటినే ఆపేస్తాయి. పైగా కిడ్నీని శరీరం తిరగ్గొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ కూడా అవే నాళాలను బిగిస్తుంది. ఒకవైపు అది, ఇంకోవైపు ఇది కలిస్తే అప్పుడే పెట్టిన కిడ్నీకి రక్తం తగ్గుతుంది.

ఇక మార్ఫిన్. కాలేయం దాన్ని మార్చి తయారుచేసే పదార్థాల్లో ఒకటి మార్ఫిన్ కంటే గట్టిగా పనిచేస్తుంది, అది బయటికి పోవాల్సింది మూత్రంలోనే. కొత్త కిడ్నీ ఎంత పనిలో దిగిందో తొలి గంటల్లో ఖాయంగా చెప్పలేం. లోపల పేరుకుంటే మనిషి మగతలోకి జారిపోతాడు, ఊపిరి మందగిస్తుంది. పెథిడిన్ అయితే పేరుకుపోయి ఫిట్స్ కూడా తెప్పించగలదు. ఫెంటనిల్ వీటికంటే నయం, అది ప్రధానంగా కాలేయంలోనే విరిగిపోతుంది, మేం వాడేది అదే. దానితోనూ వాంతులు, మలబద్ధకం, మగత ఉంటాయి. వాంతి అంటే చిన్న విషయం అనుకోకండి. వేసుకున్న టాక్రోలిమస్ మాత్ర వాంతిలో పోతే ఆ పూట మందు ఎంత ఒంటికి పట్టిందో ఎవరూ చెప్పలేరు. బ్లాక్ వల్ల ఫెంటనిల్ కొంత తగ్గినా అందుకే నాకు అది లాభమే. నిజం చెప్పాలంటే ట్యాప్ బ్లాక్ మీద జరిగిన పరీక్షల ఫలితాలన్నీ ఒకేలా లేవు. కొన్నింటిలో మార్ఫిన్ అవసరం బాగా తగ్గింది, కొన్నింటిలో తేడా కనపడలేదు. అద్భుతం జరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తొలి రాత్రి దగ్గడానికి, గట్టిగా ఊపిరి తీయడానికి, మూడు బంతుల పరికరంతో గాలి లోపలికి పీల్చడానికి సాయపడుతుంది. అది చాలు నాకు.

మీ రెండో భయం, మందు కొత్త కిడ్నీని పాడుచేస్తుందా అన్నది. పాడుచేయదు. మేం వాడే రోపివకెయిన్, బుపివకెయిన్ కాలేయంలో విరుగుతాయి, కిడ్నీకి విషం కావు. అసలు జాగ్రత్త మోతాదు దగ్గర ఉంది. మందు ఎక్కువై రక్తంలోకి వేగంగా చేరితే నాలుక, పెదాలు తిమ్మిరెక్కడం, చెవుల్లో హోరు, ఆపైన ఫిట్స్, గుండె లయ తప్పడం దాకా వెళుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో రక్తప్రసరణ ఉరుకులు పెడుతుంటుంది కాబట్టి మందు త్వరగా రక్తంలో కలుస్తుంది. రక్తంలో ఆమ్లం ఎక్కువగా ఉంటే ప్రమాదం ఇంకాస్త పెరుగుతుంది. అందుకని బరువు చూసి లెక్కకడతాం. రోపివకెయిన్‌కు కిలోకు 3 మిల్లీగ్రాములు హద్దు. 50 కిలోల మనిషికి 150. నేను ఒకవైపు బ్లాక్‌కు 0.375 శాతం మందు 20 మిల్లీలీటర్లు వేస్తాను, అంటే 75 మిల్లీగ్రాములు, హద్దులో సగం. సర్జన్ చివర్లో కుట్ల దగ్గర మొద్దుమందు పొడిస్తే అది కూడా ఈ లెక్కలోకే రావాలి. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకోకుండా వేసుకుంటూ పోతేనే తప్పు జరుగుతుంది. ఒకవేళ ఏదైనా అయితే దానికి విరుగుడు పాలలా తెల్లగా ఉండే 20 శాతం కొవ్వు మందు, కిలోకు 1.5 మిల్లీలీటర్ల చొప్పున వెంటనే సెలైన్ ఎక్కించే రక్తనాళంలోకి ఎక్కిస్తాం. బ్లాక్‌లు వేసే ప్రతి థియేటర్‌లోనూ ఆ సీసా చేతికందే చోట ఉండాలి. ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

నరాలు దెబ్బతినడం గురించి. ట్యాప్ బ్లాక్‌లో సూదిని నరంలోకి గుచ్చం, నరాలు వెళ్లే సందులోకి మందు పంపుతాం. నరం శాశ్వతంగా దెబ్బతినడం చాలా చాలా అరుదు. ఒక్కోసారి మాత్రం మందు కిందికి పాకి తొడ నరాన్ని తాకితే ఆ వైపు కాలు కొన్ని గంటలు బలం లేనట్టు ఉంటుంది. తమ్ముడు మొదటిసారి మంచం దిగేటప్పుడు ఒంటరిగా దిగకూడదు, నర్సు గానీ ఫిజియోథెరపిస్టు గానీ పక్కన ఉండాలి. మర్నాటికీ ఆ బలహీనత పోకపోతే వెంటనే చెప్పండి. ఆపరేషన్‌లో కోతను తెరిచి పట్టుకునే ఇనుప పరికరం అదే తొడ నరాన్ని నొక్కే అవకాశం ఉంది. బ్లాక్ వల్లే అయి ఉంటుందిలే అని రెండు రోజులు ఊరుకుంటే అసలు కారణం చూడటం ఆలస్యమవుతుంది.

మీ మూడో భయం తెలివైన భయం. నొప్పి శరీరం కొట్టే గంట, దాన్ని ఆపేస్తే ఎలా అని. అయితే కొత్త కిడ్నీని అమ్మగారి ఒంట్లోంచి తీసినప్పుడే దాని నరాలన్నీ తెగిపోతాయి. బ్లాక్ వేసినా వేయకపోయినా ఆ కిడ్నీ తన బాధ తాను చెప్పలేదు. దాన్ని కనిపెట్టుకుని ఉండేది గంటగంటకూ కొలిచే మూత్రం, బీపీ, రక్తపరీక్ష, కిడ్నీలోకి రక్తం వెళుతోందో లేదో చూపే డాప్లర్ స్కాన్. లోపల రక్తం చేరి చుట్టూ ఉన్న కణజాలాన్ని సాగదీస్తే వచ్చే లోతైన నొప్పిని పొట్ట గోడ బ్లాక్ దాచేయలేదు. హఠాత్తుగా నొప్పి పెరగడం, మూత్రం పడిపోవడం రెండూ కలిసి వస్తే ఏ డాక్టరూ బ్లాక్ గురించి ఆలోచిస్తూ కూర్చోడు, సర్జన్‌ను పిలుస్తాడు.

వెన్నులో సన్నటి ట్యూబుతో మొద్దుమందు పంపే ఎపిడ్యూరల్ ఎందుకు పెట్టరని మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు. కొన్ని ఆసుపత్రుల్లో పెడతారు, తప్పేమీ లేదు. నేను దూరంగా ఉంటాను. కిడ్నీలు చెడినవాళ్లకు ప్లేట్‌లెట్ల లెక్క బాగానే ఉన్నా అవి సరిగ్గా అంటుకోవు, దానికితోడు డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ పడుతుంది. వెన్ను కాలువలో రక్తం గడ్డకడితే కాళ్లు పడిపోతాయి. అదీగాక ఎపిడ్యూరల్ బీపీని దించుతుంది. కొత్త కిడ్నీకి నాళాలు కలిపి, రక్తాన్ని ఆపి పట్టిన క్లాంపు వదిలే క్షణంలో నాకు కావాల్సింది దిటవుగా ఉన్న బీపీ. ట్యాప్ బ్లాక్ పైపైన వేసేది, రక్తం వచ్చినా నొక్కిపడితే ఆగుతుంది, బీపీని కదిలించదు. నడుము కండరం పక్కన లోతుగా వేసే క్వాడ్రేటస్ లంబోరమ్ బ్లాక్ 2007 నుంచి వాడుకలోకి వచ్చింది. అది ఇంకాస్త ఎక్కువ జాగాను మొద్దుబార్చవచ్చు, కానీ లోతు వల్ల రక్తం పలుచబడే మందుల విషయంలో ఎపిడ్యూరల్‌కు పాటించినంత జాగ్రత్త పాటించాలి. తమ్ముడు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వేసుకుంటుంటే చివరి మాత్ర ఏ రోజు వేసుకున్నాడో మత్తు డాక్టరుకు కచ్చితంగా చెప్పండి.

ఇప్పుడు అమ్మగారు.

మన దేశంలో మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో రాయవేలూరు సీఎంసీలో జరిగింది. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ ఇచ్చేవాళ్లకు పక్క డొక్కలో పెద్ద కోత, ఒక్కోసారి చివరి పక్కటెముక ముక్క కూడా తీసేవారు. 1995లో అమెరికాలోని బాల్టిమోర్‌లో మొదటిసారి లాప్రోస్కోపీతో దాత కిడ్నీ తీశారు. ఇప్పుడు చెన్నైలోనూ ఎక్కువగా అదే. మూడు నాలుగు చిన్న రంధ్రాలు, కిడ్నీని బయటికి తీయడానికి పొత్తికడుపు కింద ఒక కోత. నొప్పి తగ్గిన మాట నిజం, పోయిన మాట నిజం కాదు. ఆమె ఆరోగ్యంగా నడిచివచ్చి, మర్నాడు లేవలేని స్థితిలో పడుకుంటుంది. తమ్ముడికేమో ఒంట్లో విషాలు దిగిపోయి, స్టెరాయిడ్ కూడా పడి, రెండో రోజుకే ముఖం తేటపడుతుంది.

పన్నెండు పదమూడేళ్ల కింద ఆత్మకూరు వైపు నుంచి ఒకామె కొడుక్కి కిడ్నీ ఇచ్చింది. అప్పట్లో నేను బ్లాక్ కొడుక్కే వేశాను. దాతకు మామూలు మందులు రాసి వెళ్లిపోయాను. తెల్లవారుజామున 3 గంటలకు వేరే పనిమీద వార్డుకు వెళితే ఆమె గుండె నిమిషానికి 120 కొట్టుకుంటోంది, ఊపిరి పైపైనే తీస్తోంది, దుప్పటి అంచు పళ్లమధ్య ఉంది. చార్టులో నొప్పి స్కోరు దగ్గర సున్నా. నర్సు తప్పు లేదు. ఆమె గంటకోసారి వచ్చి "వలిక్కుదా?" అని అరవంలో అడిగింది, ఈమెకు అర్థంకాక తల అడ్డంగా ఊపింది. నేను తెలుగులో "నొప్పిగా ఉందామ్మా?" అంటే, "నాదేం లేదులే నాయనా, పిల్లోడు ఎట్టుండాడు?" అంది. ఆ రోజు నుంచి దాతను బ్లాక్ లేకుండా నేను థియేటర్ నుంచి పంపలేదు.

కాబట్టి మీ మత్తు డాక్టరును సూటిగా అడగండి: అమ్మకు ఏ బ్లాక్ వేస్తున్నారు? లాప్రోస్కోపీ అయితే కింది కోత మధ్యలో ఉంటుంది గనక నేను రెండువైపులా ట్యాప్ వేస్తాను, మోతాదు సగానికి పంచి. డొక్కలో కోత అయితే ట్యాప్ సరిపోదు. అప్పుడు వీపు వైపు, వెన్నెముక పక్క కండరం కింద వేసే ఎరెక్టర్ స్పైనే బ్లాక్ మేలు. ఇది 2016 నుంచి వచ్చిన పద్ధతి. అవసరమైతే అక్కడే సన్నటి ట్యూబు పెట్టి రెండు మూడు రోజులు మందు పంపవచ్చు. లాప్రోస్కోపీలో పొట్టలోకి నింపిన గ్యాస్ వల్ల భుజం నొప్పి కూడా వస్తుంది. భుజానికి ఏమైందని ఆమె భయపడుతుంది. దానికి ఏ పొట్ట బ్లాకూ పనిచేయదు, లేచి నడిస్తే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ముందే చెప్పి ఉంచండి.

దాతకు కొన్నిచోట్ల ఒకటి రెండు రోజులు కీటోరోలాక్ లాంటి ఇంజెక్షన్లు ఇస్తారు. ఒక్క కిడ్నీతో మిగిలిన మనిషికి నేను ఇవ్వను. ఇంటికెళ్లాక ఇంకా జాగ్రత్త. మెడికల్ షాపులో "నొప్పి మాత్ర" అంటే చేతిలో పెట్టేది చాలాసార్లు అసెక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపినది. అట్ట మీద పారాసెటమాల్ పేరు చూసి పర్లేదనుకుంటారు. తల్లికీ, కొడుక్కీ ఇద్దరికీ అది వద్దు. ఒక్క పారాసెటమాల్ మాత్రమే ఉన్న మాత్ర తీసుకోండి, అదీ డాక్టరు చెప్పిన లెక్కలో.

ఆపరేషన్ రోజు రాత్రి ఎవరి దగ్గర ఉండాలని తికమక పడతారు. తమ్ముడు మార్పిడి ఐసీయూలో ఉంటాడు, ఇన్‌ఫెక్షన్ భయంతో మిమ్మల్ని ఎలాగూ లోపలికి రానివ్వరు, ఆయనకు గంటగంటకూ చూసేవాళ్లు ఉంటారు. మీరు అమ్మగారి గదిలో ఉండండి. ఒక్కసారి వేసే బ్లాక్ మామూలుగా 8 నుంచి 12 గంటలు పనిచేస్తుంది, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. ఉదయం 9కి వేస్తే రాత్రి 9 లోపే దిగడం మొదలుకావచ్చు. దిగేటప్పుడు నొప్పి మెల్లగా రాదు, ఒక్కసారిగా మీద పడుతుంది. అది పూర్తిగా దిగకముందే, సాయంత్రం పూటే, వేళకి పడాల్సిన పారాసెటమాల్ పడిందో లేదో అడగండి. నొక్కితే నొప్పి మందు ఒంట్లోకి వెళ్లే బటన్ పంపు చేతికి ఇస్తే నొక్కాల్సింది ఆమే. ఆమె నిద్రపోతుంటే జాలిపడి మీరు నొక్కకండి, మగతలో ఉన్నవాళ్లకు మందు ఎక్కువైతే ఊపిరికి ప్రమాదం. నర్సుకు తెలుగు రాకపోతే నొప్పిని "వలి" అనీ, మంటను "ఎరిచ్చల్" అనీ చెప్పండి. అమ్మగారిని "నొప్పి ఉందా" అని అడగొద్దు, లేదనే అంటారు. దగ్గమనండి. దగ్గడానికి భయపడి చెయ్యి పొట్టమీద పెట్టుకుంటే, లేచి వెళ్లి నర్సును పిలవండి.